చిన్న కమతానికి మినీ ట్రాక్టరు: ఎంపికలో మెలకువలు



ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. ఈ కాలంలో ఆ రెంటి సరసన ట్రాక్టరు కొని చూడు అనే మాట కూడా చేర్చుకోవచ్చు. అంత ఖర్చు, అంత బాధ్యత అందులో ఉన్నాయి. కాడెద్దులు తగ్గిపోయాయి. కూలీలు దొరకడం కష్టమైంది. కొడుకులు పొద్దున్నే బంగారుపేటలో, మాలూరులో రైలెక్కి బెంగళూరు పనికి పోతున్నారు. రెండు మూడెకరాల తోట చూసుకోవడానికి ఇంట్లో ఒక చిన్న బండి ఉంటే బాగుండునని చాలామంది అనుకుంటున్నారు. అలా అనుకోవడంలో తప్పు లేదు. అయితే ఏ బండి, ఎంత బండి, అసలు సొంత బండి కావాలా అన్నవి ముందుగా తేల్చుకోవలసిన ప్రశ్నలు.

నేను వృత్తిరీత్యా ఉపాధ్యాయుణ్ణి. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. రెండు భాషలూ చదవగలను కాబట్టి ఊళ్ళో ఎవరు ట్రాక్టరు కొనబోయినా కొటేషను కాగితం, బ్యాంకు పత్రం నా దగ్గరికి తెస్తారు. "అయ్యవారూ, ఇందులో ఏముందో చదివి చెప్పండి" అంటారు. చదివి చెబుతాను. ఆ కాగితాల్లో ఇంజను శక్తి ఉంటుంది, ధర ఉంటుంది, కంతు ఎంతో ఉంటుంది. మీ తోటలో వరుసకూ వరుసకూ మధ్య ఎంత ఎడం ఉందో మాత్రం ఏ కాగితంలోనూ ఉండదు. ఈనాటి నా ప్రసంగం ఆ లేని సంగతుల గురించే. మొదట నేలను కొలవండి. తరువాత గంటలు లెక్కపెట్టండి. ఆ రెండూ అయ్యాకనే బండిని చూడండి.

మొదట నేల సంగతి. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం మన దేశంలో సగటు కమతం 1.08 హెక్టార్లు. అంటే రెండున్నర ఎకరాలకు కాస్త పైన. కర్ణాటకలో సగటు 1.36 హెక్టార్లు. మన కోలారు, ముళబాగిలు, శ్రీనివాసపురం ప్రాంతాల్లో ఆ కాస్త భూమి కూడా ఒకే చెక్కగా ఉండదు. చెరువు కింద అరెకరా మడి, గుట్ట పక్కన ఎకరా రాగి చేను, బోరు దగ్గర మల్బరీ తోట, ఇంకో చోట నాలుగు వరుసల మామిడి. ఈ నాలుగింటికీ ఒకే బండి ఒకే రకంగా పనికిరాదు.

మల్బరీ సంగతి చూడండి. జంట వరుసల పద్ధతిలో నాటిన తోటలో మూడడుగుల ఎడం ఒకటి, ఐదడుగుల ఎడం ఒకటి వస్తాయి. ఆ ఐదడుగుల సందులో మినీ ట్రాక్టరు నడుస్తుంది. ఈ బండ్ల వెడల్పు సాధారణంగా మూడు నుంచి నాలుగు అడుగుల లోపు ఉంటుంది. వెనుక మూడడుగుల రోటవేటరు పెడితే రెండు పక్కలా అడుగేసి చోటు మిగులుతుంది. అయితే అది కొమ్మలు కోసిన కొత్తలోనే. ఆకు గుబురుగా పెరిగిన తరువాత బండి దూరితే కొమ్మలు విరుగుతాయి. కాబట్టి కొమ్మ కోసిన వారం పది రోజుల్లోనే దున్నకం ముగించుకోవాలి. పాత పద్ధతిలో దగ్గర దగ్గరగా నాటిన తోటలోకి ఎంత చిన్న ట్రాక్టరైనా పోదు. అక్కడ చేతితో నడిపే వీడరు కొనుక్కుంటే చాలు.

మామిడిలో చిక్కు వేరు. పాత తోటల్లో ముప్పై మూడడుగుల ఎడం ఉంటుంది కనుక వెడల్పుకు ఇబ్బంది లేదు. ఎత్తుతోనే ఇబ్బంది. కొమ్మలు కిందికి వాలి ఉంటాయి. బండి ఎత్తు తక్కువగా ఉండాలి. పొగగొట్టం పైకి నిలబడకుండా పక్కకు గానీ కిందికి గానీ తిరిగి ఉండాలి. నడిపేవాడి తల కొమ్మకు తగలకూడదు. రోటవేటరును చెట్టు మొదలు దాకా తీసుకుపోకండి, లోతుగా దింపకండి. చెట్టుకు తిండి పెట్టే సన్నవేళ్ళు పైపొరలోనే ఉంటాయి.

టమాటాకు కట్టెలు నాటి తీగలు కట్టిన తరువాత ఏ ట్రాక్టరూ లోపలికి పోలేదు. మట్టి కట్టడం, బోదెలు తీయడం వరకే దాని పని. టమాటా మీదే బతుకుతున్న రైతుకు ఏడాదిలో ట్రాక్టరుతో పని ఎన్ని రోజులో దీన్నిబట్టే తెలుస్తుంది.

కాబట్టి ఒక సాయంత్రం టేపు తీసుకుని తోటలోకి వెళ్ళండి. అన్నిటికన్నా ఇరుకైన సందు ఎంతో కొలవండి. వరుస చివర బండి తిరగడానికి పది అడుగులైనా ఉందా చూడండి. దారిలో ఉన్న గేటు, గట్టు, కాలవ మీది బండ కూడా కొలవండి. ఈ కొలతలు చీటీ మీద రాసుకుని ఆ చీటీతోనే షోరూముకు వెళ్ళండి.

ఇక రెండవది, గంటల లెక్క. ఇది మన బడి పిల్లలు చేసే లెక్కంత సులువైనది. ఉదాహరణకు బండి, రోటవేటరు కలిపి ఐదు లక్షలు అయిందనుకుందాం. పదేళ్ళ తరువాత అమ్మితే లక్షన్నర వస్తుందనుకుందాం. అంటే మూడున్నర లక్షలు పదేళ్ళలో అరిగిపోయాయి. ఏడాదికి 35 వేలు. పెట్టిన డబ్బుకు వడ్డీ ఏడాదికి సగటున 30 వేలు వేసుకోండి. ఆయిలు, టైర్లు, రిపేర్లు, ఇన్సూరెన్సు కలిపి 15 వేలు. మొత్తం 80 వేలు. బండి కొట్టంలో ఊరికే నిలబడినా దాదాపు ఇంత ఖర్చు తప్పదు.

ఏడాదికి 100 గంటలే పని ఉంటే గంటకు 800 రూపాయలు పడుతుంది. 400 గంటలు పని ఉంటే గంటకు 200 రూపాయలే. డీజిలు దీనికి అదనం. బరువు పనిలో ఇరవై అశ్వశక్తి బండి గంటకు సుమారు రెండు నుంచి మూడు లీటర్లు తాగుతుంది. మీ ఊళ్ళో బాడుగ గంటకు ఎంతో మీకు తెలుసు. ఆ బాడుగలోంచి డీజిలు, డ్రైవరు ఖర్చు తీసివేయండి. మిగిలినదాన్ని మీ గంటల లెక్కతో పోల్చండి. మీ లెక్క ఎక్కువైతే బాడుగ బండే మేలు. ఇందులో నామోషీ ఏమీ లేదు.

మా పక్క ఊళ్ళో ఒక రైతు సంగతి చెబుతాను. మూడెకరాల ఆసామి. పక్కవాడు పెద్ద బండి కొన్నాడని ఈయన కూడా నలభై అశ్వశక్తి దాటిన ట్రాక్టరు తెచ్చాడు. అది ఆయన మల్బరీ తోటలోకి దూరలేదు. మామిడి కింద తిరగలేదు. రాగి చేను దున్నకం ఒక్క పూటలో అయిపోయేది. మిగతా రోజులు బాడుగకు తిప్పుదామంటే ఊళ్ళో అప్పటికే ఐదు బండ్లున్నాయి. రెండు కంతులు తప్పాయి. చివరికి బండిని అగ్గువకు అమ్మి, మిగిలిన అప్పు కోసం రోడ్డు పక్కనున్న అరెకరా వదులుకున్నాడు. ఆ బండి చెడ్డది కాదు. అది ఆయన నేలకు చాలా పెద్దది. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అంటామే, అట్లాంటిది.

లెక్క చూసుకున్న తరువాత కూడా సొంత బండి కావాలని తేలితే, అప్పుడు బండి గుణాలు చూద్దాం.

ఇంజను శక్తి వేరు, వెనుక తిరిగే పి.టి.ఓ. షాఫ్టు దగ్గర దొరికే శక్తి వేరు. రోటవేటరునూ మందు కొట్టే పంపునూ తిప్పేది ఈ రెండవదే. ఇంజనులో ఉన్నదంతా అక్కడికి రాదు, దారిలో కొంత పోతుంది. అందుచేత పి.టి.ఓ. దగ్గర ఎంత అని అడగండి. రెండు నుంచి ఐదెకరాల తోట సేద్యానికి పదిహేను నుంచి ఇరవై నాలుగు అశ్వశక్తి మధ్య బండి చాలు. లిఫ్టు ఎంత బరువు ఎత్తుతుందో కూడా అడగండి. చిన్న బండ్లలో 500 నుంచి 750 కిలోల దాకా ఉంటుంది. రోటవేటరు ఎత్తినప్పుడు ముందు చక్రాలు తేలకూడదు.

నాలుగు చక్రాలూ లాగే బండికి ధర ఎక్కువ. చెరువు కింద మడి గానీ, గుట్టవాలు గానీ ఉన్నవారికి ఆ ఖర్చు దండగ కాదు. చదును నేల ఎర్రమట్టి మాత్రమే ఉన్నవారికి వెనుక చక్రాలు లాగే బండే సరిపోతుంది. మీకున్నది అరెకరా మడి, కాస్త కూరగాయల తోట మాత్రమే అయితే పవర్ టిల్లరును కూడా ఆలోచించండి. 1967లో మొదలైన వి.ఎస్.టి. సంస్థ పవర్ టిల్లర్లు మన మాలూరులో, చిన్న ట్రాక్టర్లు హోసూరులో తయారుచేస్తోంది. మహీంద్రా, స్వరాజ్, కుబోటా వంటి కంపెనీలకూ చిన్న బండ్లున్నాయి. పేరును చూసి కాదు, మీ తాలూకాలో సామాను దొరుకుతుందా, పిలిస్తే మెకానిక్కు రెండో రోజుకైనా వస్తాడా అన్నది చూసి నిర్ణయించండి. విత్తనాల సమయంలో బండి పది రోజులు ఆగిపోతే అదను తప్పుతుంది.

మధ్యప్రదేశ్‌లోని బుద్నీలో కేంద్ర ప్రభుత్వం వారి ట్రాక్టర్ల పరీక్షా సంస్థ ఉంది. అక్కడ పరీక్షించిన బండికి నివేదిక ఇస్తారు. ఆ నివేదిక చూపించమని డీలరును అడగండి. అంతకన్నా ముఖ్యం, మీ నేలలో, మీ పదునులో, మీరు కొనబోయే రోటవేటరు తగిలించి ఒక గంట నడిపి చూపించమనండి. చదువైన సిమెంటు నేల మీద ఏ బండైనా చక్కగానే నడుస్తుంది.

ఆ గంటలో బండిని ఎవరు నడుపుతారో వారినే కూర్చోబెట్టండి. కొడుకు బెంగళూరులో ఉండి, తోట చూసుకునేది ఇంటి ఇల్లాలైతే, క్లచ్చు ఆమె కాలికి అందుతుందా, స్టీరింగు తిప్పగలదా అన్నది ఆమే చెప్పాలి. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వం వారి దక్షిణ ప్రాంత యంత్ర శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. అక్కడ రైతులకు బండి నడపడం, బాగోగులు చూసుకోవడం నేర్పుతారు. మనకు అది దగ్గరే, భాష ఇబ్బంది కూడా లేదు.

కాగితాల విషయం. వ్యవసాయ ట్రాక్టర్ల మీద జి.ఎస్.టి. 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. ట్రాక్టరు టైర్ల మీద 18 నుంచి 5కు తగ్గింది. కొటేషనులో పన్ను ఎంత వేశారో చూడండి. రాయితీ గురించి మీ హోబళి రైత సంపర్క కేంద్రంలో అడగండి. పహణి, ఫ్రూట్స్ గుర్తింపు సంఖ్య దగ్గర ఉంచుకోండి. బాడుగ యంత్రాల కోసం కృషి యంత్రధారె కేంద్రాలున్నాయి. మనలో కొందరికి ఇటు ముళబాగిలులోనూ అటు ఆంధ్రలోనూ భూమి ఉంటుంది. ఏ రాష్ట్రపు రాయితీకి ఆ రాష్ట్రపు భూమి కాగితమే చూపాలన్నది గుర్తుంచుకోండి. రాయితీ చేతికి రాకముందే వచ్చినట్టు లెక్క వేసుకుని అప్పు చేయకండి.

బ్యాంకు పత్రంలో మూడు సంగతులు చదివించుకోండి. వడ్డీ ఎంత, కంతు ఏ నెలలో, తాకట్టు ఏది. పంట డబ్బు చేతికి వచ్చే నెలలోనే కంతు పడేలా అడగవచ్చు. బండి ఒక్కటే తాకట్టా, భూమి కూడానా అన్నది సంతకానికి ముందే తెలియాలి. అర్థం కాని భాషలో ఉన్న కాగితం మీద మొహమాటానికి సంతకం పెట్టకండి. బడికి రండి. ఏ ఊరి బడిలోనైనా చదివి చెప్పే అయ్యవారు ఒకరుంటారు.

చివరిగా ఒక్క మాట, ఇది ఉపాధ్యాయుడిగా చెబుతున్నాను. చిన్న బండి కదా అని పిల్లల్ని మడ్గార్డు మీద కూర్చోబెట్టుకుని గట్ల మీద పోకండి. తేలిక బండి గట్టు మీద ఒరిగితే తిరగబడడానికి క్షణం చాలు. పి.టి.ఓ. షాఫ్టు మీది మూత తీసి పనిచేయకండి. చీర చెంగు, తువ్వాలు దానికి చుట్టుకుంటే ఇంజను ఆపే వ్యవధి కూడా ఉండదు.

నేల కొలత, గంటల లెక్క, చదివి పెట్టిన సంతకం. ఈ మూడూ సరిగా ఉంటే చిన్న బండి మీ ఇంటికి అండగా ఉంటుంది. మీ కమతం మీ పిల్లలకు చెక్కు చెదరకుండా అందాలని కోరుకుంటున్నాను.