అయ్య భయానికో లెక్క ఉంది
(సంగం జాగర్లమూడి పల్లెలో చేసిన ప్రసంగం)



సభకి ముందు పల్లెంతా తిరిగాం. "చదువుకున్న కుర్రాళ్లు మా మాట వినటంలేదయ్యా" అన్నారు పెద్దలు. "ఆసామి ముందు మా అయ్యకి నోరు పెగలదు" అన్నారు కుర్రాళ్లు. ఇద్దరూ మనవాళ్లే, తొందరపడి తీర్పు చెప్పం.

మేము కొడుకులుగా ఉన్న రోజుల్లో అయ్యలు ఏమనేవాళ్లు? తెల్లచొక్కాతో బజారున పోవద్దు, ఆసామి ఎదురొస్తే సైకిలు దిగు, హోటల్లో గ్లాసు వేరేగా పెడితే పెట్టనీ అనేవాళ్లు. మేం దిగేవాళ్లం కాదు. ఇంట్లో రోజూ పోట్లాటే.

అయ్య భయానికో లెక్క ఉంది. ఏడాది పాలేరుతనానికి ముందే అప్పు తీసుకుని ఉంటాడు. ఆసామి గట్టున గడ్డి కోస్తేనే గేదె పాలిచ్చేది. "రేపట్నించి రావద్దు" అని ఆసామి అన్నాడంటే పొయ్యిలో పిల్లి లేవదు. కొడుక్కి ఆ లెక్క లేదు. హాస్టల్లో తిన్నాడు, చదివాడు. మన స్టేషన్లో బండెక్కితే ఇటు తెనాలి, అటు గుంటూరు. బండిలో టిక్కెట్టు అడుగుతారు గానీ ఎవరి పాలేరు కొడుకువని అడగరు గదా! వాడి ధైర్యం అక్కడిది.

మరి అణిగి ఉంటే బతకనిస్తారా? తెనాలి దాటితే చుండూరు. 1991 జులైలో అక్కడ సినిమా హాల్లో చదువుకున్న దళిత కుర్రాడి కాలు అగ్రకులం కుర్రాడికి తగిలింది. అంతే. తండ్రి బడిపంతులు, జీతమిచ్చేది సర్కారు, ఏ ఆసామికీ పాలేరు కాదు. అయినా ఆ తండ్రినీ కొట్టారు. తర్వాత సాంఘిక బహిష్కరణ పెట్టారు. ఆగస్టు 6న 8 మందిని నరికి, శవాల్ని గోతాల్లో కుక్కి కాలవలో పడేశారు.

ఆ తర్వాత తండ్రులూ కొడుకులూ కలిసే తెనాలి శిబిరానికి చేరారు. చనిపోయినవాళ్లని ఊరి నడుమ పూడ్చి ఆ చోటుకి రక్తక్షేత్రమని పేరు పెట్టారు. కోర్టు మా ఊళ్లోనే పెట్టాలని పట్టుబట్టి పెట్టించుకున్నారు. బోనెక్కి ఆసాముల ఎదుటే సాక్ష్యం చెప్పినవాళ్లలో చదువురాని కూలోళ్లున్నారు. 2007 జులై 31న 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు పడింది. 2014 ఏప్రిల్లో హైకోర్టు అందర్నీ వదిలేసింది, అది వేరే కథ. అయ్యకి నోరు లేదనే తమ్ముడు ఆ సాక్ష్యాల సంగతి తెలుసుకోవాలి.

అంబేద్కర్ ఇంట్లోనూ ఈ తగువుంది. 1913లో బరోడా కొలువుకి పోతానంటే తండ్రి రాంజీ వద్దన్నాడు. కొడుకు వినలేదు, వెళ్లాడు. కొద్ది రోజులకే ఫిబ్రవరిలో రాంజీ చనిపోయాడు. ఆ కొడుకు చదువు కోసం అప్పులు చేసిందీ ఆ తండ్రే.

ఇప్పుడు మేమే తండ్రులమయ్యాం. సెల్లులో ఆ ఫొటో పెట్టకురా, ఆ పిల్లతో మాట్లాడకురా అని మా పిల్లలకి మేమూ చెప్తున్నాం. మిర్యాలగూడలో 2018లో ప్రణయ్‌ని ఆసుపత్రి ముందు నరికింది చూశాక చెప్పకుండా ఎట్లా ఉంటాం? పిల్లలు నవ్వుతున్నారు, నవ్వనీ.

వచ్చే ఆదివారం ఇక్కడే కూర్చుందాం. ఇళ్లపట్టాలు, అప్పుకాగితాలు, కౌలుచీటీలు తెచ్చుకోండి. కాగితం చదివేది కొడుకు. ఏ చేను ఎవరు బాగుచేశారో, ఎవరు లాక్కున్నారో చెప్పేది అయ్య. ఒక్కళ్లే వస్తే పని జరగదు, ఇద్దరూ రండి. అమ్మల్ని కూడా పిలుచుకు రండి, అప్పుల సంగతి వాళ్లకే బాగా తెలుసు.