పాత నాణేలు – కొత్త మోసాలు



మనలో చాలామంది ఇళ్ళలో పాత సందుగ తెరిస్తే చార్మినార్ బొమ్మగల హాలీ సిక్కా కనిపిస్తుంది. ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దారు రూపాయలకు సమానమని మా నాయన లెక్క చెప్పేవారు. రెండవ ప్రపంచ యుద్ధానికి ముందటి రూపాయి తూకం సుమారు 11 గ్రాములు. అందులో నూటికి 80 పాళ్ళకు పైగా వెండి.

1933 నాటి అమెరికా 20 డాలర్ల బంగారు నాణెం 2021 జూన్‌లో న్యూయార్క్ వేలంలో సుమారు 1 కోటి 89 లక్షల డాలర్లు పలికింది. ముద్రించిన నాలుగు లక్షల పైచిలుకు నాణేలను దాదాపు అన్నీ కరిగించారు గనుకనే ఆ ధర. మన వెండి సిక్కాలు ఊరూరా ఉన్నాయి; వాటికి కోట్లు రావు.

ఇది తెలియక మా మిత్రులొకరు "మీ రూపాయికి పది లక్షలు" అన్న ఫోను మాట నమ్మి, ముందస్తు రుసుము క్రింద రెండు నెలల పెన్షను పోగొట్టుకున్నారు. తాము అటువంటి వ్యాపారం చేయమనీ, రుసుము అడగమనీ రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే ప్రకటించింది.

మరొక మాట. 2021 ఏప్రిల్‌లో జనగామ దగ్గర పెంబర్తిలో భూమి చదును చేస్తుండగా రాగి పాత్రలో బంగారు, వెండి నగలు బయటపడ్డాయి. పది రూపాయల విలువ మించిన నిధి భూమిలో దొరికితే, 1878 నాటి చట్టం ప్రకారం కలెక్టరుకు తెలపాలి. నూరేళ్ళు దాటిన నాణేన్ని విదేశాల్లోని పిల్లలకు పంపడం కూడా 1972 చట్టం ప్రకారం నిషిద్ధం.

కనుక నాణేన్ని తోమకండి, ధర తగ్గుతుంది. తూకం వేయించి, ఇద్దరు ముగ్గురు వర్తకులను విచారించి, రసీదుతో అమ్ముకోండి. ముందుగా డబ్బు అడిగినవారికి పైసా ఇవ్వకండి.