ఆడపిల్ల చదువు – అడ్వాన్సు లెక్క

(మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



బడి మానేసిన పిల్లల వివరాలు సేకరించే ఏ ఫారం తీసుకున్నా 'కారణం' అన్న గడిలో సాధారణంగా ఒకటే మాట ఉంటుంది: పేదరికం. పరిశోధకురాలిగా నేనూ చాలా ఫారాల్లో అదే రాశాను. ఆ మాట అబద్ధం కాదు. అయితే అది రాయగానే మన ప్రశ్నలు ఆగిపోతాయి. ఒకే ఇంట్లో, అదే పేదరికంలో తమ్ముడు బడిలో, అక్క చేలో ఎందుకున్నారో ఆ గడి చెప్పదు.

2012లో నేను నడిగడ్డలో తిరిగాను. కృష్ణా తుంగభద్రల మధ్య ఉన్న గద్వాల ప్రాంతం అది. అప్పుడు మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండేది. హైబ్రిడ్ పత్తి విత్తనాలకు పేరు. ఆ పని తెలియనివారి కోసం చెబుతున్నాను. సాయంత్రం పూట మొగ్గ రేకులు ఒలిచి కేసరాలు తీసేయాలి. మర్నాడు పొద్దున మగ మొక్క పువ్వు తెచ్చి పుప్పొడి అద్దాలి. ఒక్కో మొగ్గకూ చేత్తోనే. దీన్ని క్రాసింగ్ అంటారు. వానాకాలంలో మొదలై నెలల తరబడి సాగుతుంది. పుప్పొడి అద్దే వేళా, బడిగంట కొట్టే వేళా ఒకటే.

"చిన్న వేళ్లయితే మొగ్గ చెడదు" అన్నారు రైతులు. చిన్న వేళ్లు మగపిల్లలకూ ఉంటాయి కదా! మగవాళ్ల కన్నా ఆడవాళ్ల కూలి తక్కువ, ఆడవాళ్ల కన్నా ఆడపిల్ల కూలి తక్కువ. పైగా ఎదురు చెప్పదు. కంపెనీ ఇచ్చే ధరకు పెద్దవాళ్ల కూలి గిట్టదని కూడా రైతులే చెప్పారు. ఆ మాట నిజాయితీగా ఉంది.

ఒక తల్లిని, కూతుర్ని బడికి ఎందుకు పంపలేదని అడిగాను. "దాని పేరు మీదనే పైసలు తెచ్చుకున్నం మేడమ్. మా ఆయన దవాఖాన ఖర్చుకు. అది పోకుంటే ఎట్ల తీరుతది?" అంది. అడ్వాన్సు తీసుకున్నది ఎండాకాలంలో. బడి తెరిచేది జూన్‌లో. కొడుకు పేరు మీద ఎందుకు తేలేదని అడిగితే నావైపు వింతగా చూసింది. "వాడు చదువుకుంటుండు గద."

ఇలాంటి తల్లిని అధికారులు మందలించడం చూశాను. మన కార్యకర్తలూ మందలిస్తారు, కోపం తెచ్చుకోకండి. చట్టం ఏమంటోంది? 1993లో ఉన్నికృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు పద్నాలుగేళ్ల దాకా చదువు ప్రాథమిక హక్కు అంది. (ఆ తీర్పు పుట్టింది మన రాష్ట్రపు ప్రొఫెషనల్ కాలేజీల క్యాపిటేషన్ ఫీజుల తగాదాలో!) 2002లో రాజ్యాంగ సవరణ, 2009లో చట్టం, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలు. ఆ చట్టంలో 'నిర్బంధ' అన్న మాటకు అర్థం చదవండి. పిల్లలు బడిలో చేరడం, రోజూ హాజరు కావడం, ఎనిమిదో తరగతి పూర్తి చేయడం, ఈ మూడింటి బాధ్యతా ప్రభుత్వానిది. నిర్బంధం ప్రభుత్వం మీద. తల్లిని నేరస్థురాలిని చేసి వదిలేయడం కోసం ఆ మాట పెట్టలేదు.

2016లో బాలకార్మిక చట్టాన్ని సవరించి, బడి వేళల తర్వాత, సెలవుల్లో పిల్లలు కుటుంబ పనిలో సాయపడవచ్చన్నారు. సాయంత్రం మొగ్గ ఒలవడం ఏ వేళకిందికి వస్తుందో మీరే ఆలోచించండి. ఆ చేను సొంతమా, కౌలా, అప్పిచ్చినవాడిదా అని ఎవరు వెళ్లి చూస్తారు?

రంగారెడ్డి జిల్లాలో 1991 నుంచి ఎం.వి. ఫౌండేషన్ బడి బయట ఉన్న ప్రతి బిడ్డా బాలకార్మికురాలే, బాలకార్మికుడే అన్న పట్టుతో పనిచేసింది. పేద తల్లిదండ్రులకు పిల్లల చదువు మీద ఆశ లేదన్న మాట అక్కడ నిలవలేదు. మనమూ ఊళ్లోకి జూన్‌లో బడిబాటకు కాదు, అడ్వాన్సులు చేతులు మారే ఎండాకాలంలోనే వెళ్లాలి. మన పొదుపు సంఘాల అప్పుల్లో దవాఖాన ఖర్చుకు చోటుందా? ఆ తల్లి సంఘం సభ్యురాలే. అక్కడ అడగాలని ఆమెకు తోచలేదు.

తర్వాత ఆ ఊరి బడికి వెళ్లి హాజరుపట్టీ చూశాను. ఆ పిల్ల పేరు ఐదో తరగతిలో ఉంది. ఆగస్టు నెలంతా హాజరు వేసి ఉంది. ఆ నెలలో నేను ఆమెను మూడుసార్లు కలిశాను, మూడుసార్లూ చేలోనే.