సేవకు శిక్షణ ఎందుకు?

(భిలాయి సెక్టర్ 4లో తెలుగు విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఉక్కునగరంలో పెరిగిన పిల్లలు ఇంజనీరింగ్ చదవాలని తల్లిదండ్రులు కోరుకోవడం సహజం. 1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం ఫలితంగా ఇక్కడ కర్మాగారం వెలసినది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. ఆనాటి నుండి మన ఇళ్లలో చదువు అంటే కర్మాగారపు గేటు దాకా చేర్చే దారి అనే అభిప్రాయం స్థిరపడినది. ఇటువంటి ఇంట్లో ఒక అమ్మాయి "బి.ఎస్.డబ్ల్యూ. చదువుతాను" అంటే, "సేవ చేయడానికి డిగ్రీ ఎందుకమ్మా?" అని పెద్దలు అడుగుతారు. అది న్యాయమైన ప్రశ్న. దానికి సమాధానం చెప్పడమే నేటి నా ఉద్దేశం.

సేవాభావం మన దేశానికి కొత్త కాదు. సత్రాలు, చలివేంద్రాలు, అన్నదానాలు తరతరాలుగా ఉన్నవి. కాని పరిశ్రమలు తెచ్చిన సమస్యలకు దానమొక్కటే చాలలేదు. 1926లో క్లిఫర్డ్ మాన్‌షార్ట్ బొంబాయి కార్మికవాడ అయిన నాగ్‌పాడాలో ఒక సేవాకేంద్రాన్ని నెలకొల్పారు. శిక్షణ లేని సేవకు గల పరిమితులు అక్కడి అనుభవంలో తెలియవచ్చినవి. ఫలితంగా 1936లో టాటా ధర్మనిధి సహాయంతో మన దేశంలో మొట్టమొదటి సాంఘిక సేవా శిక్షణ కళాశాల ఆరంభమైనది. నేటి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ అదే. అనగా ఈ విద్య పుట్టినదే కార్మికుల మధ్య. కార్మిక నగరమైన భిలాయికి అది పరాయిది కాజాలదు.

శిక్షణ వలన కలిగే భేదమేమిటో ఒక ఉదాహరణతో చూద్దాం. శ్రీకాకుళం ప్రాంతం నుండి వచ్చి, ఖుర్సీపార్‌లో నివసించే ఒక కాంట్రాక్టు కూలీ పనిలో గాయపడినాడనుకుందాం. భార్యకు తెలుగు తప్ప వేరే భాష రాదు. దయగల పొరుగువారు చందా వేసి నాలుగు రోజుల గ్రాసం సమకూరుస్తారు. అది మంచిపనే. శిక్షణ పొందిన కార్యకర్త అంతటితో ఆగక మరికొన్ని ప్రశ్నలు వేస్తాడు. అతనికి ఈ.ఎస్.ఐ. వర్తిస్తుందా? చట్టరీత్యా రావలసిన నష్టపరిహారానికి ఎవరు దరఖాస్తు పెట్టాలి? ప్రమాదానికి సాక్ష్యం ఏది? పెద్ద కుమారుడు బడి మానకుండా చూడడమెట్లా? అదే బస్తీలో ఇటువంటి కుటుంబాలు ఇంకెన్ని ఉన్నవి? చందా నాలుగు రోజులు నిలుస్తుంది. ఈ ప్రశ్నలకు సమాధానం దొరికితే ఆ కుటుంబం తన కాళ్లపై తాను నిలుస్తుంది.

ఈ పద్ధతినే బి.ఎస్.డబ్ల్యూ.లో క్రమంగా నేర్పుతారు. వ్యక్తికి తోడ్పడడం, చిన్న బృందాలతో పనిచేయడం, సముదాయాన్ని సంఘటితం చేయడం దీనిలో ముఖ్యాంశాలు. మనస్తత్వశాస్త్రం, సమాజశాస్త్రం, సాంఘిక చట్టాలు వీటికి పునాది. అన్నిటికంటె ప్రధానమైనది క్షేత్రకార్యం. విద్యార్థి ఆసుపత్రికో బస్తీకో వెళ్లి, చేసిన పనిని వ్రాసి, అధ్యాపకునితో చర్చించాలి. ఎదుటివాని మాట పూర్తిగా వినడం, అతని రహస్యాన్ని కాపాడడం, అతని నిర్ణయాన్ని అతనినే చేసుకొననివ్వడం అక్కడే అలవడుతవి.

సముదాయ శక్తికి నిదర్శనం మనకు దగ్గరలోనే ఉన్నది. ఈ కర్మాగారానికి ఇనుప ఖనిజాన్ని అందించిన దల్లీ రాజహరాలో గని కార్మికులు తమ సంఘం ద్వారా, స్వంత కష్టార్జితంతో, 1983లో షహీద్ ఆసుపత్రిని నెలకొల్పుకొన్నారు. ప్రజలను కేవలం సహాయం పొందేవారుగా చూడరాదని దానిని చూచి నేర్చుకొనవచ్చును.

తెలుగువారికి ఈ రంగంలో గొప్ప వారసత్వమున్నది. రాజమహేంద్రవరంలో జన్మించిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ బాల్యంలోనే హిందీ నేర్చి, తోటి బాలికలకు పాఠశాల నడిపినారు. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభను స్థాపించారు. 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి ప్రథమాధ్యక్షురాలైనారు. తన భాషను విడువక, ఇతరుల భాషను నేర్చి, దేశమంతటికీ పనిచేసిన మహిళ ఆమె.

ఆమె ప్రయత్నపూర్వకంగా సాధించిన బహుభాషా జ్ఞానం మీకు వీధిలోనే లభించినది. ఇంట తెలుగు, బడిలో హిందీ, సంతలో ఛత్తీస్‌గఢీ, పొరుగింట బెంగాలీయో మలయాళమో మీకు వినబడుతవి. భిలాయిని చిన్న భారతదేశమని పిలవడం పరిపాటి. ఆ పేరు సార్థకం కావాలంటే పండుగనాడు మిఠాయిలు పంచుకొంటే చాలదు. తెలుగు కార్యకర్త ఛత్తీస్‌గఢీ తల్లి కష్టాన్ని కూడ ఆమె మాటల్లోనే వినగలగాలి. ఈ పరిశ్రమ కోసం భూములిచ్చినవారు ఇక్కడి గ్రామస్థులని మనం మరువరాదు.

ఇక ఉపాధి మాట. పెద్దలకు దీనిని దాచకుండా చెప్పవలసియున్నది. ఈ చదువుతో తొలినాళ్లలో వేతనం స్వల్పంగానే ఉండవచ్చును. అనేక ఉద్యోగాలకు పైన ఎం.ఎస్.డబ్ల్యూ. కూడ అవసరం. అయినను దారులు లేకపోలేదు. 1948 నాటి కర్మాగారాల చట్టం 500 మంది లేక అంతకు మించి కార్మికులున్న కర్మాగారాలలో సంక్షేమాధికారులుండాలని నిర్దేశించినది. 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రతా స్మృతి ఆ సంఖ్యను 250కి తగ్గించినది. ఆసుపత్రులు, బాలల సంరక్షణ సంస్థలు, స్వచ్ఛంద సంస్థలు శిక్షణ పొందినవారిని కోరుతున్నవి. కళాశాలకు వెళ్లే వీలు లేనివారికి ఇందిరా గాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం దూరవిద్య ద్వారా ఈ డిగ్రీని బోధిస్తున్నది. దానిలోనూ క్షేత్రకార్యం తప్పనిసరి.

తల్లిదండ్రులకు నా విజ్ఞప్తి ఒక్కటే. మార్కులు చాలక మిగిలిపోయిన బిడ్డను ఈ చదువుకు పంపవద్దు. మనుష్యులపై ఆసక్తి, ఓర్పు ఉన్న బిడ్డ కోరి అడిగితే మాత్రం అడ్డు చెప్పవద్దు. విద్యార్థులారా, దరఖాస్తు పెట్టేముందు ఒక నెలపాటు సమీపంలోని బస్తీ బడికో ఆసుపత్రికో అనుమతితో వెళ్లి రండి. అక్కడి పని మీకు నచ్చినదో లేదో మీకే తెలుస్తుంది. నచ్చిన పక్షంలో ధైర్యంగా ఈ విద్యను స్వీకరించండి.