జీవసాంఖ్యక శాస్త్రము: ఎం.ఎస్సీ. పట్టమునకు పరిశోధన వ్యాసము

బి.ఎస్సీ.లో గణితము, సాంఖ్యకశాస్త్రము చదివి ఉత్తీర్ణులైన బిడ్డలు కమలాపురము వంటి ఊళ్ళలో ఈనాడు పలువురు కలరు. వారిలో కొందరు జీవసాంఖ్యక శాస్త్రములో, అనగా బయోస్టాటిస్టిక్సులో, ఎం.ఎస్సీ. చేయగోరుచున్నారు. ఒక మందు రోగమును నయము చేసినదా, లేక రోగి తనంతట తానే కోలుకొనెనా అను సందేహమును అంకెలతో తీర్చు శాస్త్రమిది. బిడ్డ కోరిక సరే. ఇంటి పెద్దలు మమ్ము అడుగు ప్రశ్న వేరు: "పరీక్షలన్నీ రాసినాక మళ్ళా ఆ పుస్తకం రాసేదెందుకు సార్?" ఆ పుస్తకమే పరిశోధన వ్యాసము. దానికొరకు ఆరు నెలలో, ఏడాదియో అదనముగా ఇల్లు నడుపవలసిన తండ్రికి ఈ ప్రశ్న అడుగు హక్కు కలదు.

మన తెలుగువారి చరిత్రలోనే దీనికొక సమాధానము కలదు. 1920లో హడగలిలో జన్మించిన కల్యంపూడి రాధాకృష్ణారావుగారు ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితము చదివి, ఉద్యోగము వెదకికొనుచు కలకత్తా చేరిరి. ఆ ఉద్యోగము దొరకలేదు, దొరకకుండుటయే మేలైనది. 1941లో వారు భారత సాంఖ్యక సంస్థలో చేరిరి. కలకత్తా విశ్వవిద్యాలయము అప్పుడే సాంఖ్యకశాస్త్రములో ఎం.ఏ. ప్రారంభించినది. 1943లో రావుగారు ఆ పట్టమునకై వ్యాసము సమర్పించి, ప్రథమ శ్రేణిలో ప్రథములైరి. అప్పటికి వారి వయస్సు ఇరువది మూడేండ్లు.

ఆ వ్యాసముతో అలవడిన పని మూడేండ్లకే అక్కరకు వచ్చినది. 1910 మొదలు 1914 వరకు సూడాను దేశమున జెబెల్ మోయా అను చోట జరిగిన త్రవ్వకములలో దొరకిన ప్రాచీన మానవుల ఎముకలు కేంబ్రిడ్జిలో ఉండెను. వాని కొలతలను విశ్లేషించుటకు 1946లో రావుగారు అచ్చటికి వెళ్ళిరి. రొనాల్డ్ ఫిషర్ మహాశయుడు వారికి ఆచార్యుడగుటకు ఒప్పుకొనెను గాని, తన జన్యుశాస్త్ర ప్రయోగశాలలో ఎలుకలతో పని చేయవలెనని షరతు పెట్టెను. పగలు ఎముకలు, ఆపైన ఎలుకలు! 1948లో రావుగారికి డాక్టరేటు వచ్చినది. జీవుల వర్గీకరణలో ఎదురగు సాంఖ్యక సమస్యలే ఆ వ్యాసమునకు విషయము. 2023లో, తమ నూట రెండేండ్ల వయస్సున, వారు అంతర్జాతీయ సాంఖ్యకశాస్త్ర బహుమతి పొందిరి. ఆ యేటనే ఆగస్టులో పరమపదించిరి.

అందరు విద్యార్థులును రావుగారంతటివారు కానక్కరలేదు. అయినను ఎముకలుగాని ఎలుకలుగాని కండ్లారా చూడక, పుస్తకములోని లెక్కలు మాత్రమే చేసినవారికి అంకె ఎక్కడినుండి పుట్టునో తెలియదు. వ్యాసము నేర్పునది అదియే.

ఒక ఉదాహరణము తీసికొందము. కమలాపురము పరిసర గ్రామములలో ఎందరు స్త్రీలకు రక్తహీనత కలదో తెలిసికొనవలెనని ఒక విద్యార్థిని సంకల్పించినదనుకొందము. 2019–21లో జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ స్త్రీలలో 58.8 శాతమునకు రక్తహీనత కనబడినది. మన గ్రామముల మాటేమి? అంచనా అయిదు శాతమునకు మించి అటునిటు పోరాదని, నూటికి తొంబదియైదు పాళ్ళ నమ్మకము ఉండవలెనని కోరినచో, కనీసము 385 మందిని పరీక్షింపవలెను. సగము మందికి వ్యాధి కలదని తలచి వేసిన లెక్క ఇది. అట్లు తలచినపుడే సంఖ్య అన్నింటికంటె పెద్దదగును గనుక అది క్షేమము. అయితే ఒక ఊరి స్త్రీలు ఒకే నీరు త్రాగుదురు, ఇంచుమించు ఒకే తిండి తిందురు. కొన్ని ఊళ్ళను మాత్రమే ఎంచుకొన్నపుడు ఒకరివలె మరొకరు ఉందురు గనుక ఆ సంఖ్యను రెట్టింపు చేయుట తరచు జరుగు పని. అప్పుడు 770 మంది. ఒక్క విద్యార్థిని వేసవి ఎండలో 770 ఇండ్లు తిరుగగలదా? ఈ ప్రశ్న ఏ పరీక్షాపత్రములోను రాదు.

అంతకుముందే నీతి సంఘపు అనుమతి కావలెను. 2017లో భారత వైద్య పరిశోధన మండలి ప్రకటించిన మార్గదర్శక సూత్రముల ప్రకారము, మనుష్యులపై జరుగు పరిశోధన దేనికైనను నీతి సంఘము ముందుగా పరిశీలన చేయవలెను. వేలినుండి రక్తపు చుక్క తీయుటకు ఆ స్త్రీకి విషయము తెలియజెప్పి సమ్మతి పొందవలెను. రక్తము మరీ తక్కువగా ఉన్నదని తేలినచో, అంకె వ్రాసికొని వెళ్ళిపోరాదు, ఆమెను ఆసుపత్రికి పంపవలెను. ఈ అనుమతికే వారములు, ఒక్కొక్కచో నెలలు పట్టును. అందుచేత తెలివిగల మార్గదర్శకులు ముందే సేకరింపబడిన సమాచారముపై వ్యాసము వ్రాయింతురు. అది తక్కువ పని కాదు. ఎడమైన గడులను, తప్పిన వయస్సులను సరిచూచుటకే సగము కాలము పోవును.

ప్రవేశమునకు కావలసిన అర్హతలు ఇంత చిక్కైనవి కావు. డిగ్రీలో గణితముగాని సాంఖ్యకశాస్త్రముగాని ఉండవలెను. తరువాత సంభావ్యత, అనుమితి, ప్రతిగమనము, రోగవ్యాప్తి శాస్త్రము, కంప్యూటరుపై విశ్లేషణ చదువవలెను. మన జిల్లావారు రోగము వచ్చినప్పుడు తలచుకొను వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో ఈ శాస్త్రమున రెండేండ్ల ఎం.ఎస్సీ. కలదు. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయములో 1918 నుండి దీనికి ప్రత్యేక విభాగమే కలదు, అచ్చటి ఎస్సీ.ఎం. పట్టమునకు వ్యాసము తప్పదు. ఆ దేశమున పెక్కు చోట్ల మాత్రము వ్యాసమో, దానికి బదులు సమగ్ర పరీక్షయో విద్యార్థి ఎంచుకొనవచ్చును.

వ్యాసమును పరీక్షకులు చదివి, ఎదుట కూర్చుండబెట్టి ప్రశ్నింతురు. అరువు తెచ్చిన వాక్యములు అక్కడ నిలువవు. 2018 నాటి విశ్వవిద్యాలయ నిధుల సంఘపు నిబంధనల ప్రకారము ఇతరుల రచనతో పోలిక పది శాతము దాటినచో చర్య తప్పదు.

ఇక తండ్రి ప్రశ్న. అప్పుచేసి చదివించు ఇంట, బిడ్డ వెంటనే ఔషధ సంస్థలోనో ఆసుపత్రిలోనో ఉద్యోగమునకు చేరవలసియుండినచో, వ్యాసము లేని పట్టమును తక్కువగా చూడరాదని మా అభిప్రాయము. డాక్టరేటుపై మనసున్న బిడ్డకు మాత్రము ఆ ఏడాది ఇవ్వవలసినదే. ఎట్లైనను రుసుము చెల్లించుటకు ముందు కళాశాలవారిని రెండు విషయములు అడిగి తెలిసికొనవలెను: ఒక మార్గదర్శకుని క్రింద ఎందరు విద్యార్థులు ఉందురు, వ్యాసమునకు కావలసిన సమాచారము ఎక్కడినుండి వచ్చును?