వైఫై పలుకని వేళ

లేపాక్షి వంటి గ్రామమునందు లినక్స్ స్థాపించిన ల్యాప్‌టాప్‌లో వైఫై కనబడకున్నచో, యంత్రమే చెడినదని తలచి హిందూపురమునకు మోసికొనిపోవుటకు ముందు, దాని వ్యాధిని దానినే అడుగుట మేలు.

వైఫై చిప్పునకు సాధారణముగ కావలసినవి రెండు: లినక్స్ హృదయమైన కెర్నెల్‌తో మాటలాడు డ్రైవరు, చిప్పులోనికి ఎక్కింపవలసిన ఫర్మ్‌వేరు. మొదటిది తరచుగా కెర్నెల్‌లోనే యున్నను, రెండవది తయారీదారుల రహస్యసంపద యగుటచే పలుమారు లోపించును. డెబియన్ అను లినక్స్ పంపిణీవారు 2022లో వోటు వేసికొని, 2023 నాటి 12వ విడుదల మొదలుకొని దానిని స్థాపక మాధ్యమమునందే చేర్చిరి, ఆలస్యమైనను సత్కార్యమే!

ముందుగా టెర్మినల్‌లో 'ఆర్‌ఎఫ్‌కిల్ లిస్ట్' అని అడుగుడు. కీబోర్డుమీది విమానపు గుర్తు మీట తెలియక నొక్కుటచే రేడియో మూతపడినదేమో అదే చెప్పును. ఇంత స్వల్పకారణమునకు వ్యవస్థనే తుడిచి మరల స్థాపించువారు లేకపోలేదు. పిమ్మట 'ఎల్‌ఎస్‌పీసీఐ' ఆజ్ఞకు 'కె' గుర్తు చేర్చినచో చిప్పు పేరును, దానికి పట్టిన డ్రైవరును తెలియును. చిప్పు యూఎస్‌బీదైనచో 'ఎల్‌ఎస్‌యూఎస్‌బీ' అని అడుగవలెను. ఫర్మ్‌వేరు దొరకలేదను ఫిర్యాదు 'డీమెసేజ్' (dmesg) చిట్టాలో నుండును. వేరుగా కూర్చిన డ్రైవరు ఎక్కనిచో, సంతకము లేని అట్టి డ్రైవరు మాడ్యూళ్లను సెక్యూర్ బూట్ అను ఆరంభరక్షణ నిరాకరించుచున్నదేమో విచారింపవలెను.

వైఫై లేక ఫర్మ్‌వేరును తెచ్చుకొనుట యెట్లందురా? ఆండ్రాయిడ్ ఫోనును యూఎస్‌బీ తీగతో తగిలించి టెథరింగ్ తెరచినచో, సాధారణముగ వేరొక డ్రైవరు లేకయే ఇంటర్నెట్ లభించును. నవీకరణ పిమ్మట వైఫై పోయినచో, బూట్ పట్టికలో పాత కెర్నెల్‌ను ఎన్నుకొని చూడుడు. ఇతరుల సాయము కోరునపుడు చిప్పు పేరును, కెర్నెల్ సంఖ్యను తప్పక వ్రాయుడు.