మొర వినుట వేరు, తప్పు దిద్దుట వేరు

(పఠనమందిర వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠము)



పఠనమందిరపు వార్షికోత్సవమున సాహిత్యమును గూర్చియో, దేశచరిత్రను గూర్చియో ప్రసంగించుట ఆచారము. మేము నేడు ఆరోగ్య బీమా కంపెనీలపై ప్రజలు చేయు ఫిర్యాదులను గూర్చి, ఆ కంపెనీలను అదుపులో నుంచవలసిన అధికారులను గూర్చి మాటలాడ నెంచితిమి. ఇది శుష్కవిషయమని కొందఱు తలంపవచ్చును. కాని అర్ధరాత్రమున ఆసుపత్రి గుమ్మమున నిలిచి, కంపెనీనుండి అనుమతి వచ్చునా రాదా యని ఎదురుచూచినవారు మీలోనే ఉందురు. వారికిది శుష్కవిషయము కాదు.

గడచిన యేట ఒక బట్టల దుకాణపు గుమాస్తా మాయొద్దకు వచ్చెను. తొమ్మిదేండ్లపాటు ఒక్క యేడైనను తప్పక ప్రీమియము కట్టినవాడు. రసీదులన్నియు ఒక గుడ్డసంచిలో వరుసగా దాచుకొనియున్నాడు. భార్యకు గుండెజబ్బు వచ్చి ఆసుపత్రిలో చేర్పగా, ఆమెకు పూర్వమునుండియే రక్తపుపోటు కలదనియు, దరఖాస్తులో ఆ సంగతి దాచిరనియు చెప్పి కంపెనీవారు క్లెయిమును త్రోసివేసిరి. కూతురి పెండ్లికై కూర్చిన నగలు తాకట్టు పెట్టి బిల్లు చెల్లించి, ఆ తిరస్కార పత్రమును మడిచి అదే సంచిలో పెట్టి ఆయన ఊరకుండెను. “అంత పెద్ద కంపెనీతో మనకు తగవేమిటండీ” యని మాతో ననెను. ఆయన వచ్చునప్పటికి ఆ పత్రము అంది పదమూడు నెలలైనది.

ఇందులో రెండు విషయములు గమనింపుడు. పాలిసీ కొన్ని సంవత్సరములు ఎడతెగక నడచిన పిమ్మట, మోసము ఋజువైననే తప్ప, రోగము దాచితిరన్న కారణమున క్లెయిమును నిరాకరింపరాదను నియమము కలదు. ఆ గడువు 2024 వఱకు ఎనిమిది సంవత్సరములు. ఆ యేటినుండి ఐదు సంవత్సరములు. తొమ్మిదేండ్ల పాలిసీకి ఏ లెక్క చూచినను ఈ రక్షణ కలదు. అనగా ధర్మము ఆయన పక్షముననే యున్నది. కాని బీమా అంబుడ్స్‌మన్‌కు మొర పెట్టుకొనుటకు కంపెనీ నిరాకరించిన దినమునుండి ఒక సంవత్సరము మాత్రమే గడువు. ఆలస్యమును మన్నించు అధికారము ఆయనకు లేకపోలేదు. కాని అది ఆయన విచక్షణకు లోబడినది. హక్కు ఉన్నదని తెలియలేదు. తెలిసినప్పటికి గడువు దాటినది. మన దేశమున ఎన్ని యిండ్లలో ఇట్టి సంచులు చిలుకకొయ్యలకు వ్రేలాడుచున్నవో!

బీమా మనకు క్రొత్తది కాదు. డాక్టరు భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు 1923లో ఆంధ్రా బ్యాంకును, 1925లో ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీని మచిలీపట్టణమున నెలకొల్పిరి. మనవారి సొమ్ము మనవారి ఆపదకు అక్కరకు రావలెనన్నదే ఆనాటి యూహ. 1938లో బీమా చట్టము వచ్చినది. స్వాతంత్ర్యానంతరము 1956లో జీవిత బీమాయు, 1972 నాటి చట్టముచే సాధారణ బీమాయు జాతీయము చేయబడినవి. మరల ప్రైవేటు కంపెనీలకు తలుపులు తెఱచుచు 1999లో చట్టము చేసి, వానిపై బీమా నియంత్రణ, అభివృద్ధి ప్రాధికార సంస్థను నిలిపిరి. దాని ప్రధాన కార్యాలయము ఢిల్లీలో లేదు. మన హైదరాబాదులోనే యున్నది. పాలిసీదారుల హితమును కాపాడుట దాని విధులలో నొకటియని చట్టము 14వ సెక్షను స్పష్టముగా చెప్పుచున్నది.

ఇక ఫిర్యాదు నడచు త్రోవను చూతము. మొదట కంపెనీలోని ఫిర్యాదుల అధికారికి వ్రాయవలెను. ఆయన రెండు వారములలో సమాధాన మీయవలెను. ఆ సమాధానము తృప్తికరము కానిచో ప్రాధికార సంస్థవారి ‘బీమా భరోసా’ యను ఏర్పాటు ద్వారా ఫిర్యాదును నమోదు చేయవచ్చును. 155255 సంఖ్యకు ఫోను చేసియు చెప్పవచ్చును. అయితే ఇచ్చట పెక్కురు పొరబడుచున్నారు. ప్రాధికార సంస్థ మన తగవును విచారించి తీర్పు చెప్పదు. ఫిర్యాదును కంపెనీకే పంపి, జవాబు వచ్చునట్లు చూచును. ఎవనిపై ఫిర్యాదు చేసితిమో వాని బల్లమీదికే అది తిరిగి చేరును.

తీర్పు చెప్పువాడు అంబుడ్స్‌మన్. 1998లో ఈ పదవి యేర్పడినది. 2017 నాటి నియమములు దీనిని క్రొత్తగా రూపొందించినవి. హైదరాబాదు కార్యాలయము ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, యానాం ప్రజల మొరలు వినును. రుసుము లేదు, వకీలు అక్కఱలేదు. 2023 నవంబరునుండి ఏబది లక్షల రూపాయల వఱకు పరిహార మిప్పింపవచ్చును. కావలసిన పత్రములన్నియు చేరిన మూడు నెలలలో తీర్పు చెప్పవలెను. ఆ తీర్పు కంపెనీని బంధించును. ముప్పది దినములలో అమలు జరుపవలెను. ఫిర్యాదుదారునికి తృప్తి కలుగనిచో ఆయన న్యాయస్థానమునకు పోవచ్చును. పేదవానికి ఇంతకంటె దగ్గఱి న్యాయము మన దేశమున అరుదు. ఈ కార్యాలయముల వ్యయమును బీమా కంపెనీలే భరించుచున్నవని వినినప్పుడు సందేహము కలుగుట సహజము. కాని కంపెనీలకు వ్యతిరేకమైన తీర్పులును అచ్చట పుట్టుచున్నవి గనుక ఆ సందేహముతో ఇంట కూర్చుండుట తెలివి కాదు.

ఇంతవఱకు చెప్పినది మొర సంగతి. తప్పు సంగతి వేఱు. నియమోల్లంఘనమును విచారించుటకు ప్రాధికార సంస్థ కంపెనీల లెక్కలను తనిఖీ చేయును, సంజాయిషీ అడుగును, విచారణ జరిపి జరిమానా విధించును, ఆ యుత్తరువును ప్రకటించును. 2015 సవరణ ప్రకారము 102వ సెక్షను క్రింద దినమునకు లక్ష రూపాయల చొప్పున, కోటి మించకుండ, జరిమానా వేయు వీలు కలిగినది. ఆ సొమ్మును వాటాదారుల ఖాతానుండి చెల్లింపుడని ఉత్తరువులలో వ్రాయుట న్యాయమే. కాని ఆ జరిమానా రోగి యింటికి రాదు. ఏ క్లెయిము అన్యాయముగా త్రోసివేయబడినందున తప్పు బయటపడినదో ఆ క్లెయిముదారునకు, తానై పోరాడిననే గాని, దమ్మిడీ దక్కదు. అక్రమలాభమును కక్కించు అధికారమును 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన సవరణ ప్రాధికార సంస్థ కిచ్చినది. కక్కించిన సొమ్ము ఎవరి చేతికి చేరవలెనన్నదే మా ప్రశ్న.

మా అభియోగ మంతయు ఇచ్చటనే యున్నది. మొరలు ఒక గదిలోను, తప్పులు మఱియొక గదిలోను విచారింపబడుచున్నవి. పోరాడిన ఒక్కనికి సొమ్ము ముట్టిన వెంటనే ఆ మొర ‘పరిష్కృతము’ అగుచున్నది. అదే కారణము చూపి అదే కంపెనీ త్రోసివేసిన తక్కిన క్లెయిముల మాట యెవ్వరడుగుదురు? నోరున్నవానికి న్యాయము, నోరులేనివానికి నష్టము అన్నచో అది నియంత్రణము కాదు, బేరము.

2023-24లో ఆరోగ్య బీమా క్రింద దాఖలైన క్లెయిముల మొత్తము సుమారు 1 లక్ష 17 వేల కోట్ల రూపాయలు. చెల్లించినది సుమారు 83 వేల కోట్లు. అనగా నూటికి డెబ్బదియొక్క రూపాయలు. తక్కినదంతయు అన్యాయమని మేము చెప్పము. దొంగబిల్లులు పుట్టించువారు కలరు. అవసరములేని పరీక్షలు చేయించు ఆసుపత్రులు కలవు. రోగమును దాచి పాలిసీ కొనువారును కలరు. ఆ నష్టము చివరకు నిజాయితీపరుల ప్రీమియముమీదనే పడును. పైగా ఆసుపత్రుల ధరలపై బీమా ప్రాధికార సంస్థకు అధికారము లేదు; దాని చేయి ఆసుపత్రి గుమ్మముకడ ఆగిపోవును. ఇవన్నియు ఒప్పుకొందము. కాని ఏది న్యాయమైన నిరాకరణమో, ఏది కాదో తేల్చు భారము మంచముమీది రోగిపై వేయుట ఏ ధర్మము?

ఆలస్యము ఎట్టి శిక్షయో ఒక నిదర్శనము చాలును. 2009లో అమెరికా ప్రయాణమునకై పాలిసీ తీసికొన్న ఒక పెద్దమనుష్యుడు శాన్‌ఫ్రాన్సిస్కో విమానాశ్రయమున దిగగానే అస్వస్థుడై, ఆసుపత్రిలో గుండెనాళములకు మూడు స్టెంట్లు వేయించుకొనవలసి వచ్చినది. తనకు మధుమేహమున్నదని దరఖాస్తులోనే చెప్పియున్నాడు. అయినను ఆరోగ్యస్థితిని పూర్తిగా వెల్లడింపలేదని కంపెనీ నిరాకరించినది. జాతీయ వినియోగదారుల కమిషను కంపెనీ పక్షమునే నిలిచినది. తుదకు 2021 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆయనకు న్యాయము చేసి, దరఖాస్తుదారుడు తెలిపిన ఆరోగ్యస్థితిని తూచి పాలిసీ యిచ్చిన పిదప, ఆ స్థితినే సాకుగా చూపి నిరాకరింపరాదని చెప్పినది. గెలిచినాడు, నిజమే, పండ్రెండేండ్లు పట్టినది. ఆయనకున్న ఓపికయు, ధనమును మన గుమాస్తాకు కలవా?

మంచి జరుగలేదని మేమనము. 2024 మే 29 నాటి ఉత్తరువులో ప్రాధికార సంస్థ కొన్ని మేలైన నియమములు చేసినది. నగదురహిత చికిత్సకు అనుమతి అడిగిన గంటలో తేల్చవలెను. డిశ్చార్జినాడు తుది అనుమతి మూడు గంటలలో నీయవలెను. ఆలస్యమువలన ఆసుపత్రి యదనముగా వసూలు చేసినచో ఆ భారము వాటాదారుల నిధిపై పడును. కంపెనీలోని సమీక్షా సంఘము ఆమోదింపక యే క్లెయిమును త్రోసివేయరాదు. అంబుడ్స్‌మన్ తీర్పును ముప్పది దినములలో అమలు జరుపనిచో దినమునకు 5,000 రూపాయల చొప్పున ఫిర్యాదుదారునికే చెల్లింపవలెను. ఈ కడపటి నియమమును మేము మనసార మెచ్చుకొనుచున్నాము. ఇందు మొరయు దండనయు ఒక్కటైనవి. తప్పు చేసినవాని జరిమానా నష్టపడినవాని చేతికి వచ్చుచున్నది. ఈ సూత్రమునే తక్కిన తప్పులన్నిటికిని వర్తింపజేయుడని మా ప్రార్థన. ఒక క్లెయిమును అన్యాయముగా త్రోసివేసిరని తేలినచో, అదే కారణమున ఆ కంపెనీ త్రోసివేసిన క్లెయిము లన్నిటిని తిరిగి తెఱపింపవలెను. ఏ కంపెనీ ఏ కారణము చూపి ఎన్ని నిరాకరించెనో తెలుగులోను ప్రకటింపవలెను.

తెలుగు మాట వచ్చినది గనుక ఒక్క సంగతి. పాలిసీలోని ముఖ్యాంశములను సులభముగా తెలుపు పత్రమును పాలిసీదారుడు కోరినచో స్థానిక భాషలో నీయవలెనని నియమము కలదు. కోరినవారు మీలో నెందఱు? అడుగని హక్కు నానాటికి కాగితముపైనే ఎండిపోవును.

కావున మన కర్తవ్యమును చెప్పి ముగింతుము. ఈ మందిరమున ప్రతి ఆదివారము ఉదయము ఒక బల్ల వేయుడు. అక్షరజ్ఞానముగల యిద్దఱు యువకులు దానికడ కూర్చుండుడు. పాలిసీ, దరఖాస్తు నకలు, ఆసుపత్రి డిశ్చార్జి పత్రము, నిరాకరణ పత్రము తెచ్చినవారికి ఫిర్యాదు వ్రాసియిండు. నిరాకరణను నోటిమాటగా చెప్పినచో ఒప్పుకొనక, కారణముతో వ్రాతమూలముగా నీయవలెనని అడిగింపుడు. దానిపైనున్న తేదీని ఎఱ్ఱసిరాతో గుర్తుపెట్టుడు. సంవత్సరపు గడువు అచ్చటినుండియే లెక్క. మీ కడనున్న ఫిర్యాదులను కూర్చి, ఒకే రకమైన తప్పు పదిసారులు కానవచ్చినచో ఆ పదింటిని కలిపి ప్రాధికార సంస్థకు పంపుడు. ఒక్కని మొర ఫిర్యాదు. పదిమంది మొర సాక్ష్యము.

గుమాస్తా సంగతి చెప్పలేదు. వినియోగదారుల కమిషనుకు పోవుటకు రెండు సంవత్సరముల గడువు కలదు. చెల్లించిన ప్రీమియము ఐదు లక్షలకు లోబడినచో రుసుమును లేదు. ఆ గుడ్డసంచిలోని రసీదులను మేమును ఆయనయు ఒక రాత్రి కూర్చుండి వరుసగా పేర్చితిమి, అర్జీ దాఖలైనది, విచారణ జరుగవలసియున్నది. ఫలిత మెట్లుండునో చెప్పజాలము. కాని మొన్న వీథిలో కనబడినప్పుడు ఆయన “ఓడినను సరే నండీ, ఈసారి అడిగితిని” అనెను.

అడుగుట నేర్చిన ప్రజలే అధికారులను మేల్కొలుపగలరు.